సన్న పోగు

మన్నడి మూడో సందులో కాదర్ బాషా కొట్టు.
అద్దాల బల్ల మీద ఐదు కండెలు పేర్చి
"ఏది కావాలమ్మా?" అన్నాడు.
కండెలని అతనలేదు, స్పూళ్ళన్నాడు.
కండెలనుకున్నది నేను.
చింతాద్రిపేటలో పుట్టినదాన్ని.
మా వీధిలో ఇప్పుడు మగ్గం చప్పుడు లేదు,
ఆదివారాలు చేపలు కొట్టే కత్తుల చప్పుడుంది.
అయినా దారం కంటపడితే చాలు,
బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే దగ్గరికొస్తాయి.

మా మేనత్త చౌడమ్మ కళ్ళు మూసుకుని
ఎనభయ్యో నంబరా నూరో నంబరా చెప్పేసేది.
నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, గుర్తుపెట్టుకో అనేది.
ఇక్కడ తిరకాసు.
నంబరు పెరిగితే దారం లావెక్కుతుంది.

నా దగ్గరున్నదొక ప్లాస్టిక్ చేప.
అరజానెడు. వెండి పొట్ట, నీలం వీపు,
కింది పెదవి మాత్రం ఐస్‌క్రీం చెంచా అంత.
ఆ పెదవి నీళ్ళని తన్నితేనే తల కిందికి దిగుతుంది.
మూడు బారలు మునుగుతుందని డబ్బా మీద రాసుంది.
మునగలేదు.

ఎన్నూరు బయట, పొగగొట్టాలు వేలెడంత కనబడే చోట,
పోయిన నెలంతా లాగాం.
మూడు బారల లోతున బండ.
బండ చాటున కొడువాలు, మనవాళ్ళు పండుగప్ప అంటారే, అవి.
మా చేప వాటి నెత్తి మీదుగా
ఫ్లైఓవర్ మీద లారీలా పోయింది.
"పారు తగల్లే" అనేవాడు ఆరోగ్యం, పడవ అతనిదే.
పేరు ఆరోగ్యం. దగ్గు ఆగదు.

"లావుది తీసుకోండి, తెగదు" అన్నాడు బాషా.
పోయిన నెల కొన్నది అదేనయ్యా.
ముప్పై బారలు వదిలితే
ముప్పై బారల పొడుగునా నీళ్ళు దాన్ని తోస్తున్నాయి.
అది విల్లులా వంగి, పొట్ట పెంచి,
దిగుతున్నదాన్ని జుట్టు పట్టి పైకి లాగుతోంది.

"అయితే ఇది. మునిగే దారం."
గాజులా ఉంది. మూరెడు తెంపి చెంబులో వేశాడు.
మునిగింది. గర్వంగా చూశాడు.
నేను పక్కదాన్ని తీశాను, ఎనిమిది పోగులు పేనిన అల్లిక.
అదీ చెంబులో వేశాడు.
తేలింది.
బాషా నవ్వాడు, కొట్టులో కుర్రాడూ నవ్వాడు.
తడిసిన ఆ ముక్కనే వేళ్ళ మధ్య రుద్దాను.
బలం అంతే, లావు మూడో వంతు లేదు.
నీళ్ళు పట్టుకోవడానికి అందులో ఏముంది?
చౌడమ్మత్తయితే, పేనినవాడెవడో పనివాడే అనేది.
"తేలేదేనా?"
"తేలేదే. నూట యాభై గజాలు."

శనివారం ఇంకా తెల్లారలేదు.
రాయి కోస్తుందని చివర ఒక బారెడు గాజుదారం కలిపాను,
ముడి బిగించకుండా చిన్న ఉచ్చు వదిలాను,
చేప తల ఆడాలి గదా.
ఇంజను తగ్గించాడు.
ఇరవై బారలు. ఏమీ లేదు.
ఇరవై ఐదు. ఏమీ లేదు. ఆరోగ్యం దగ్గాడు.
ముప్పై దాటాక కర్రలోంచి మోచేతి దాకా
టక్.
టక్ టక్.
బండ.
పెదవి బండని తడుతూ పోతోంది,
నాడె వెళ్ళి మగ్గం అంచుకి కొట్టుకున్నట్టు,
మళ్ళీ వచ్చి కొట్టుకున్నట్టు.
ఆరోగ్యం దగ్గాపి విన్నాడు.
చెవికి అందే చప్పుడు కాదది. అయినా విన్నాడు.
"పారు" అన్నాడు.

చేప పడిందా అని అడుగుతారు అందరూ.
పడింది. ఒకటి. రెండున్నర కిలోలు.
ఆరోగ్యాన్ని అడిగితే ఐదంటాడు.

అది పరిగెత్తినప్పుడు సన్నదారం
నా చూపుడువేలు మొదటి గీత మీద కోసింది.
ఉప్పునీళ్ళు తగిలి సాయంత్రం దాకా మండింది.
చౌడమ్మత్త వేలికీ సరిగ్గా అక్కడే ఒక గాడి ఉండేది.
మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతుంటే
నేనందులో చీమని నడిపించేదాన్ని.